రత్నం అన్న రంగు

తొమ్మిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. తూకం వేస్తే యాభై గ్రాములు కూడా తూగదు. నాలుగు కార్బన్ ముక్కలు, ఒక్కోటీ బొటనవేలి గోరంత. వాటిని పాత మాత్రల డబ్బాలో వేసి, ఆ డబ్బాను మా షాపులో బెంచి సొరుగు లోపలికి, బాగా వెనక్కి తోసి పెట్టాను. అప్పట్నుంచి ఆ సొరుగును సగమే తెరుస్తాను. పూర్తిగా లాగితే డబ్బా గలగలమంటుంది. సగం సొరుగులో పట్టని సామానంతా బల్ల మీద పరుచుకుని, "ఏంటయ్యా ఈ చిందరవందర?" అని ఎవరైనా అడిగితే "వాస్తు" అని చెబుతున్నాను. నమ్ముతున్నారు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆవిడకు చెబితే ఏడుస్తుంది. స్నేహితులకు చెబితే నవ్వుతారు, నేను ఏం చెప్పినా నవ్వడం వాళ్ళకు అలవాటైపోయింది. మా వీధిలో ఎవరైనా పోతే నన్ను రెండో రోజు రమ్మంటారు. మొదటి రోజే వస్తే శవం దగ్గర ఎవరికి నవ్వొస్తుందోనని భయం. కాబట్టి మీరు. నవ్వొచ్చిన చోట నవ్వుకోండి, ఫరవాలేదు. ఏది చెప్పబోయినా చివర్లో ఒక తోక తగిలించకుండా ఉండలేకపోవడం నా జబ్బు. తోకను చూసి అసలు సంగతి వదిలేయకండి. అసలు సంగతి ఏమిటంటే, నేను ఒక మనిషి చేతిని చంపాను.

నరకలేదు లెండి. చెయ్యి ఇప్పటికీ ఉంది. గుంటూరులో ఆటో నడుపుతోంది.

మాది చిలకలూరిపేట. హైవే పక్కన ఖాసిం మేస్త్రి గారి షాపు ఉండేది. ఇప్పుడది నాది, ఎలా నాదయిందో చెప్పడానికే ఇదంతా. అక్కడ చేసేది ఒక్కటే పని, సెల్ఫ్ మోటార్లు. మీరు కారు తాళం తిప్పగానే నిద్రపోతున్న ఇంజన్ని నాలుగు చుట్లు తిప్పి లేపేది ఆ మోటారే. ఇంజన్ లేచాక దాన్ని పట్టించుకునేవాడు ఉండడు. "పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తి లాంటిదిరా ఇది" అనేవారు మేస్త్రి. "కాపురం సాగినన్నాళ్ళు ఎవడికీ గుర్తురాడు. చెడితే మొదటి తిట్టు వాడికే."

మేస్త్రి మోటారు విప్పి లోపలి దుమ్ము చూసి బండి ఎక్కడ తిరిగిందో చెప్పేవారు. ఎర్ర దుమ్ము ఉండి, విప్పినవాడికి వరసగా ఏడు తుమ్ములు వస్తే గుంటూరు మిర్చి యార్డు. తెల్ల నూగు చుట్టుకుపోయి ఉంటే ప్రత్తి మిల్లు. స్క్రూలు ఉప్పు తిని ఊడిరాకుండా మొండికేస్తే చీరాల, సింగరాయకొండ వైపు. నేను మాత్రం కస్టమరు ముఖం చూసి చెప్పేవాణ్ణి. ఇద్దరమూ సమానంగానే తప్పులు చెప్పేవాళ్ళం.

షాపులో మేస్త్రి కాక పనివాళ్ళం ఇద్దరం. నేను, రత్నం అన్న. నాకప్పుడు ఇరవై దాటి ఏడాది. అతను నాకంటే ఆరేళ్ళు పెద్ద. పెళ్ళయింది, చిన్న పాప. ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు. మిగతా ఆరు రోజులూ నోరు తెరవడు. ఆరు రోజుల మాటలూ నేనే మాట్లాడేవాణ్ణి. అలా చూస్తే మంచి జోడీ.

మా షాపులో రెండు పద్ధతులు ఉండేవి. ఈ రెండూ తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి.

ఒకటి, చెక్క. మోటారు బాగుచేశాక బ్యాటరీ వైరు తగిలిస్తే గిర్రున తిరుగుతుంది. కస్టమరు సంతోషిస్తాడు. కానీ ఆ తిరుగుడు ఉత్త తిరుగుడు. దాని మీద ఏ బరువూ లేదు కదా. లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయినా, చుట్లు కాస్త కాలినా, ఉత్తగా తిరగమంటే ఏ మోటారైనా తిరుగుతుంది. నిజం తెలియాలంటే దాన్ని వైసులో బిగించి, తిరుగుతుండగా ముందున్న పళ్ళచక్రానికి ఒక వేపచెక్కను అదిమి పట్టాలి. బాగున్న మోటారు చెక్కను కొరుక్కుంటూ తిరుగుతుంది. బాగాలేనిది మూలిగి ఆగిపోతుంది. ఈ చెక్క పట్టడం శ్రమ, పైగా మోచేయి లాగేస్తుంది. అందుకని నేను పదింటికి ఒకదానికి పట్టేవాణ్ణి. రత్నం అన్న పదింటికి పదీ పట్టేవాడు.

రెండోది, రంగు. పని పూర్తయ్యాక మోటారు వెనక మూతకూ దాని స్క్రూకూ కలిపి ఒక చిన్న గీత గీస్తాం, గోళ్ళరంగుతో. నూనెకీ వేడికీ అంత తొందరగా పోదు. మళ్ళీ ఎవరైనా స్క్రూ విప్పితే గీత తెగిపోతుంది. మోటారు తిరిగి వస్తే ముందు గీత చూస్తాం. తెగి ఉంటే బయట ఎవరో కెలికారని అర్థం, మాకు సంబంధం లేదు. తెగకుండా ఉంటే, ఆ రంగు ఎవరిదైతే తప్పు వాడిది. రత్నం అన్నది ముదురు ఎరుపు. నేను చేరేనాటికి ఫ్యాన్సీ షాపులో మిగిలింది గులాబీ. ఈ హైవే మీద లారీల కింద ఎక్కడైనా లేత గులాబీ గీత కనిపిస్తే అది నేనే. మేస్త్రికి రంగు లేదు. ఆయన చేసిన మోటారు తిరిగి రాదని నమ్మకం. వచ్చినా, "మీ ఇద్దర్లో ఎవడో రంగు పెట్టడం మర్చిపోయాడు" అనేవారు.

ఇక జరిగింది.

ఒకరోజు యార్డు నుంచి ఒక జీపు వచ్చింది. దాని మోటారు నేనే చేశాను. షాపు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. పక్కన టీకొట్టు నాగమ్మ కూడా గ్లాసులు కడగడం ఆపి చూస్తోంది. నాకు జనం దొరికితే మోటారు తిప్పడం ఒక ఆట. దాన్ని నేల మీద పెట్టి, చెప్పుకాలితో తొక్కిపట్టి వైరు ముట్టిస్తే పట్టుకున్న పుంజులా ఒక్క ఎగురు ఎగురుతుంది. జనం వెనక్కి దూకుతారు. నేను బస్సు కండక్టరు గొంతుతో "నర్సరావుపేట, నర్సరావుపేట, తోసుకోకండమ్మా, పెద్దాయన్ని ఎక్కనివ్వండి" అని మొదలుపెట్టాను. అందరూ నవ్వుతున్నారు. జీపాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

రత్నం అన్న చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. నా కాలి కింద నుంచి మోటారు తీశాడు. వైసులో బిగించాడు. చెక్క పట్టాడు. మోటారు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

అప్పుడు, ఆరు రోజులూ నోరు తెరవని ఆ మనిషి, జీపాయన వైపు తిరిగి అన్నాడు:

"వీడి మోటారు వీడి లాంటిదేనండీ. ఉత్తగా తిరగమంటే ఊరంతా తిరుగుతుంది. పని చెబితే ఆగిపోద్ది."

అందరూ నవ్వారు. అప్పటిదాకా నా వల్ల నవ్వినవాళ్ళే, అదే నోళ్ళతో, నా మీద నవ్వారు. మేస్త్రి నవ్వారు. నాగమ్మ అయితే గ్లాసు జారవిడిచింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. ఆ మాటలో అన్నిటికంటే నొప్పి ఎక్కడో తెలుసా? అది మంచి జోకు. నేను వేసి ఉండాల్సినది. అతను జీవితంలో వేసింది ఒకే ఒక్క జోకు, అది కూడా నా మీద, నా సరుకుతో, నా జనం ముందు. పైగా నిజం. మోటారు నిజంగానే బాగాలేదు.

మర్నాటి నుంచి నా పేరు "ఉత్త తిరుగుడు". "ఏరా ఉత్త తిరుగుడూ, టీ తాగావా?" "ఉత్త తిరుగుడుని పిలవండయ్యా, లారీ వచ్చింది." పిల్లనిచ్చేవాళ్ళు నా గురించి వాకబు చేద్దామని టీకొట్టు దగ్గర ఆగితే నాగమ్మ, "ఎవరూ, మన ఉత్త తిరుగుడా? మంచోడేనండీ!" అందట. ఆ మంచోడు అన్న ముక్క వాళ్ళకు వినబడలేదు. రెండు నెలలు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. చివరికి ఇచ్చారు. మా ఆవిడ ఇప్పటికీ ఆ పేరు వాడుతుంది, కానీ ఆవిడ కారణాలు వేరు.

రత్నం అన్న మాత్రం ఒక్కసారి కూడా నన్ను ఆ పేరుతో పిలవలేదు ఆ రోజుల్లో. అన్నది మర్చిపోయాడు. నా కోపం అక్కడ రెట్టింపయింది. రాయి విసిరినవాడు ఎక్కడ విసిరాడో గుర్తుపెట్టుకోవాలి కదా? నాలుగు నెలలు నేను ఆ రాయిని జేబులో వేసుకుని తిరిగాను. పక్కపక్కనే కూర్చుని పని చేస్తూ, స్క్రూడ్రైవరు అందిస్తూ, వీణ్ణి ఏం చేయాలి అని ఆలోచించాను. అతను సాయంత్రం తినే బజ్జీల మీద మిరప్పొడి చల్లుదామనుకున్నాను. మా గుంటూరు జిల్లాలో అది పగ కాదు, వంట. ఇంకో చెంచా పొడి పడితే మనిషి మెచ్చుకుంటాడు. సైకిలు గాలి తీద్దామనుకున్నాను. చిన్నపిల్లల పని. నాకు కావలసింది వేరు. నలుగురూ ఉండగా, అతని చెక్క దగ్గరే, అతని మోటారే మూలగాలి. నలుగురూ నవ్వాలి. నేను ఆ మాట అడగాలి. ఏ మాట అడగాలో కూడా సిద్ధం చేసుకున్నాను. రాత్రీ పగలూ మనసులో అనుకుని అనుకుని నున్నగా చేసి పెట్టుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ అవకాశం వచ్చింది. మేస్త్రి జుమ్మా నమాజుకు వెళ్ళారు. రత్నం అన్న రోజూలాగే సైకిలెక్కి అన్నానికి ఇంటికి వెళ్ళాడు. షాపులో నేనొక్కణ్ణే. అలమరలో, అప్పుడే పూర్తయిన మోటారు. డ్రైవింగు స్కూలు పద్మ మేడం గారి కారుది. పొద్దున నా కళ్ళ ముందే రత్నం అన్న దానికి నాలుగు కొత్త కార్బన్లు వేశాడు, చెక్క పట్టాడు, చెక్క పొగ వచ్చేదాకా పట్టాడు. మూశాడు. ఎర్ర గీత పెట్టి, తడి ఆరడానికి చంటిపిల్ల ముఖం మీద ఊదినట్టు ఊదాడు.

డ్రైవింగు స్కూలు కారంటే మీకు తెలుసుగా, నేర్చుకునేవాళ్ళు క్లచ్చి వదిలినప్పుడల్లా ఆగిపోతుంది. రోజుకు యాభైసార్లు సెల్ఫ్ కొడతారు. అంతకంటే మంచి బండి నాకు దొరకదు.

విప్పాను. గీత తెగింది. కొత్త కార్బన్లు తీశాను. పాత సామాను డబ్బాలో వెతికి, అరిగి సగమైపోయిన నాలుగు కార్బన్లు వేశాను. మూశాను. రత్నం అన్న సంచి పక్క అర నుంచి అతని గోళ్ళరంగు సీసా తీశాను. తెగిన గీతను గుడ్డతో తుడిచి, అదే చోట, అదే పొడుగున, కొత్త గీత గీశాను. ఊదాను కూడా.

చెయ్యి వణికిందని రాస్తే ఇక్కడ బాగుంటుంది. వణకలేదు. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా నేను మూసిన మోటారు అదే మొదటిది. ఉత్తగా ఒకసారి తిప్పి చూశాను. గిర్రున తిరిగింది. తీసిన కొత్త కార్బన్లు చొక్కా జేబులో వేసుకుని, క్యారేజీ విప్పి అన్నం తిన్నాను. గోంగూర. ఏం కూరో గుర్తుండటం నాకే సిగ్గుగా ఉంది.

ఐదు రోజులు గడిచాయి. బుధవారం పొద్దున పద్మ మేడం మోటారును గోతం సంచిలో వేసుకుని, ఆటో దిగి, నేరుగా మేస్త్రి ముందుకొచ్చి సంచి దబ్బున పడేసింది.

"ఏవండీ ఖాసిం గారూ! నేను డ్రైవింగు నేర్పుతానని బోర్డు పెట్టుకున్నాను. తోయడం నేర్పుతానని కాదు! లైసెన్సు పరీక్ష చోట అందరి ముందూ బండి ఆగిపోయింది. ఏడుగురు ఆడపిల్లలు చున్నీలు నడుముకు చుట్టుకుని తోశారండీ. పరీక్ష పెట్టే ఆయన కుర్చీ తెప్పించుకుని కూర్చుని చూశాడు!"

ఇంత సరుకు ఒక్కసారిగా చేతికి అందినా నేను కిక్కురుమనలేదు. నా వంతు ఇంకా రాలేదు.

మేస్త్రి మోటారు తిప్పి గీత చూశారు. తెగలేదు. వైసులో పెట్టి చెక్క పట్టారు. మూలిగి ఆగిపోయింది. విప్పారు. నాలుగు పాత కార్బన్లు, అరిగి, మాడి, బల్ల మీద పడ్డాయి. టీకొట్టు దగ్గరున్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నాగమ్మ కూడా. నేను కోరుకున్న జనం, కోరుకున్న చోట.

"ఏమయ్యా రత్నం, కొత్తవి వేశానన్నావుగా?"

"వేశాను మేస్త్రి."

"మరి ఇవేంటి?"

రత్నం అన్న ఒక కార్బన్ తీసుకుని వెలుతురులోకి పట్టి చూశాడు. తర్వాత మూత తీసుకున్నాడు. గీతను గోటితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"రంగు నాదే."

"నీదే."

"గీత తెగలా."

"తెగలేదు."

"అయితే నేను వెయ్యలేదు మేస్త్రి."

"ఇప్పుడేగా వేశానన్నావు?"

"వేసినట్టే గుర్తు. కానీ గీత తెగలేదుగా. ఆ వారం పాపకి జొరం. ధ్యాస ఎక్కడో ఉండి ఉంటది. పాతవే మళ్ళీ పెట్టి మూసేసుంటాను."

ఆ నిమిషం గురించి నేను తొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తున్నాను. అతను వాదిస్తాడనుకున్నాను. అరుస్తాడని, ఎవడో విప్పాడని, నా వైపు వేలు చూపిస్తాడని కూడా అనుకున్నాను. దానికి నా దగ్గర జవాబు ఉంది. తన కళ్ళతో చూసి, తన చేత్తో వేసి, చెక్క పొగ వాసన పీల్చి కూడా, ఒక గోళ్ళరంగు గీత ఎదురు సాక్ష్యం చెప్పేసరికి తన చేతినే అబద్ధమని ఒప్పుకుంటాడని మాత్రం అనుకోలేదు. అబద్ధం అలవాటు ఉన్నవాడు ఎవడైనా ముందు ఎదుటివాణ్ణి అనుమానిస్తాడు. అతనికి ఆ దారి తెలియదు. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆగేవాణ్ణా? నిజం చెప్పాలంటే, లేదు. ఇంకా సంతోషపడేవాణ్ణేమో.

ఎందుకంటే అంతా చూస్తూ కూడా నేను నా మాట అడిగాను. నాలుగు నెలలు నున్నగా చేసుకున్న మాట.

"అన్నా, ఈ మోటారు ఎవరి లాంటిదంటావు?"

ఒక్కరూ నవ్వలేదు. నాగమ్మ నా వైపు చూసి మొహం తిప్పుకుంది. రత్నం అన్న ఒక్కడే జవాబిచ్చాడు.

"నా లాంటిదేరా" అన్నాడు.

ఆ సాయంత్రం టీ చాలా రుచిగా ఉంది. రెండు తాగాను. దీన్ని దాచి, అప్పుడే పశ్చాత్తాపం మొదలైందని మీకు చెప్పవచ్చు. కానీ అబద్ధం చెప్పడానికైతే ఇంత దూరం రావడం దేనికి? రెండు టీలు తాగాను. రెండోదానికి పంచదార ఎక్కువ వేయించుకున్నాను.

అక్కడితో సరికి సరి అనుకున్నాను. ఒక చివాటు, నలుగురి ముందు ఒక సిగ్గు, అయిపోయింది. నా పని అక్కడితో ఆగింది. మిగిలిన పని అతనే చేసుకున్నాడు.

మరునాటి నుంచి రత్నం అన్న మూసిన మోటార్లను మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. గీత గీస్తాడు, ఊదుతాడు, అలమరలో పెడతాడు, రెండు నిమిషాలు కూర్చుంటాడు, లేచి తీసి గీత తెంపి విప్పి చూస్తాడు. కార్బన్లు ఉంటాయి. మూస్తాడు, గీస్తాడు. కొన్ని మోటార్లకు ఆ ఎర్ర రంగు పూతమీద పూతగా పారాణిలా అయిపోయేది. అన్నానికి ఇంటికి వెళ్ళినవాడు సగం దారిలో సైకిలు తిప్పుకుని వచ్చేవాడు. కస్టమర్లు విసుక్కుని నా దగ్గరకు జరిగేవాళ్ళు. నేను చకచకా చేసి ఇచ్చేవాణ్ణి. చెక్క కూడా పట్టేవాణ్ణి, పదింటికి పదీ. ఆ రోజుల్లోనే నేను మంచి పనివాణ్ణి అయ్యాను. నా పేరు కూడా పోయింది. ఎవరూ "ఉత్త తిరుగుడు" అనడం లేదు. అందరూ రత్నాన్ని చూసి తలలూపడంలో పడ్డారు.

అప్పటికే మేస్త్రికి కళ్ళు మసకబారాయి. సన్నని రాగి తీగ కనపడటం లేదు. బెంచిని రత్నం అన్నకే అప్పగించాలని ఎప్పుడో అనుకున్నారు; బోర్డు రాసేవాడికి పేరు కూడా చెప్పి ఉంచారు. ఆ సంగతి నాకు శుక్రవారం నాటికి తెలియదు. తెలిసి ఉంటే? మళ్ళీ అదే ప్రశ్న. నన్ను అడగకండి.

రెండు నెలలకు ఒక పొద్దున రత్నం అన్న సంచి సర్దుకున్నాడు. "నా చెయ్యి నాకు నిజం చెప్పడం లేదు మేస్త్రి" అన్నాడు. అంతే. గోళ్ళరంగు సీసా అలమర మీద వదిలేసి వెళ్ళాడు. బోర్డు మీద అతని పేరు అప్పటికే పెన్సిలుతో గీసి ఉంది. దాని మీదే పెయింటుతో నా పేరు రాశారు. పెయింటు కింద పెన్సిలు కనబడదు. నేను దగ్గరకెళ్ళి చూశాను. నిజంగానే కనబడదు.

మేస్త్రి పోయి రెండేళ్ళయింది. ఆఖరి వారంలో మంచం పక్కన కూర్చుని ఆయన్ని నవ్వించడం నా పని. ఒకసారి నవ్వి నవ్వి ఆయాసపడి, "రత్నం కనబడ్డాడా?" అన్నారు. "మంచి చెయ్యిరా వాడిది. ఏమైందో ఏమో." చెప్పాల్సిన చోటు అది. గదిలో ఇంకెవరూ లేరు. నేను చర్చి పాట ఒకటి రత్నం అన్న గొంతుతో పాడి చూపించాను. మేస్త్రి మళ్ళీ నవ్వారు.

పోయిన నెల మా అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరకు గుంటూరు బ్రాడీపేట తీసుకెళ్ళాను. తిరిగి బస్టాండుకు ఆటో పిలిస్తే, ఆగిన ఆటోలోంచి ఒక తల బయటికి వచ్చింది.

"ఏరా, ఉత్త తిరుగుడూ!"

తొమ్మిదేళ్ళలో మా ఆవిడ తప్ప నన్ను ఎవరూ అనని మాట. అతనికి అది కోపం కాదు, తమాషా కూడా కాదు, ప్రేమ. పాత పేరు గుర్తుందని సంతోషం. నా చెవులు మాత్రం ఆనాటిలాగే వేడెక్కాయి. చూశారా? ఇంత చేసి, అతని బెంచి మీద కూర్చుని తిని కూడా, ఆ ఒక్క మాటకు నాలో ఆ శుక్రవారం నాటి వాడు మళ్ళీ లేచి కూర్చున్నాడు. "నీకు బాగానే అయింది" అన్నాడు లోపల. ఒక్క క్షణమే. కానీ అన్నాడు.

మమ్మల్ని ఎక్కించుకుని రత్నం అన్న వంగి, కింద ఉన్న చేతి లివరు పట్టి లాగాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారికి ఇంజన్ లేచింది.

"సెల్ఫ్ ఏమైందన్నా?"

"పోయి ఏడాదైంది."

"నీకు అరగంట పని గదా."

"నేను విప్పనురా." గేరు మార్చాడు. "విప్పితే మూయలేను. మూస్తే మళ్ళీ విప్పుతాను. ఇంట్లో మిక్సీ పాడైనా మా ఆవిడే తీసుకెళ్తది."

"ఇక్కడ ఎవరికైనా ఇవ్వకపోయావా?"

"ఎవడి చేతికిస్తాం? నీ చేతికైతే ఇస్తా. మొన్న మన పేటోడొకడు చెప్పాడులే, చెక్క పట్టందే పంపవంటగా ఇప్పుడు!" అని నవ్వాడు. మా అత్తగారు కూడా గర్వంగా తలూపింది.

ఆదివారం, చర్చి అయ్యాక, ఆటో వేసుకుని చిలకలూరిపేట వచ్చాడు. షాపు మూసి ఉంది, మా కోసం షట్టరు సగం ఎత్తాను. అతను స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, ముట్టుకుంటానేమోనని. నేను మోటారు విప్పాను. కార్బన్లే పోయాయి. ఇది కథే అయితే, సొరుగులో ఉన్న ఆ నాలుగూ దీనికి సరిగ్గా సరిపోయేవి, నేను కన్నీళ్ళతో వేసేవాణ్ణి. కారు కార్బన్ ఆటోలో పట్టదు. కొలతే వేరు. కొత్తవి ప్యాకెట్టు చింపి వేశాను.

మూశాక చెక్క తీసి అతనికి ఇచ్చాను. అదే చెక్క. సగానికి అరిగింది. కాసేపు చూసి, తొడ కింద నుంచి చెయ్యి తీశాడు. అందుకున్నాడు. నేను వైరు ముట్టించాను, అతను అదిమాడు. మోటారు ఆగలేదు. పొగ లేచింది, వేప మాడిన వాసన వచ్చింది. అతను ఇంకా అదుముతూనే ఉన్నాడు. నేనే వైరు తీసేశాను.

"రంగు పెట్టవూ?" అన్నాడు.

నా గులాబీ సీసా సొరుగులో ఉంది. ఆత్రంలో సొరుగును మొత్తం లాగాను. డబ్బా జారి ముందుకొచ్చి గలగలమంది. పక్కనే ఎండిపోయిన ఎర్ర సీసా.

"ఏంట్రా ఆ చప్పుడు?"

చెప్పండి, ఇంతకంటే తిన్నగా ఎవరైనా అడుగుతారా? మూత తీసి నాలుగు ముక్కలు అతని అరచేతిలో పోస్తే చాలు, మాట కూడా అక్కర్లేదు. చూడగానే తెలిసిపోతుంది అతనికి. కొడతాడని నాకు భయం లేదు. కొట్టడు. "అయితే ఆ రోజు నేను వేశానన్నమాట" అంటాడు, మెల్లగా. తర్వాత తొమ్మిదేళ్ళూ ఒక్కొక్కటిగా విప్పి చూసుకుంటాడు, నా ముందే, ఆ స్టూలు మీదే. అది చూడలేను. ఇదీ నా పిరికితనమే కానీ జాలి కాదు. జాలి అని రాసి కొట్టేశాను.

"మాత్రలు" అన్నాను.

"దేనికి?"

"గ్యాసు."

పగలబడి నవ్వాడు. "నీకు లేకపోతే ఎవరికి ఉంటదిరా!" అన్నాడు. నేను గులాబీ గీత గీశాను. అతను వంగి ఊదాడు.

ఆటో బయటికి తీసి, బటన్ నొక్కాడు. ఒక్క దెబ్బకు లేచింది. ఆపాడు. మళ్ళీ నొక్కాడు. లేచింది. హైవే ఎక్కేముందు ఇంకోసారి ఆపి, ఇంకోసారి నొక్కి, వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపాడు.

ఇప్పుడు మీకు చెప్పాను. క్షమించమని మిమ్మల్ని అడగను, మీకు ఆ హక్కు లేదు. ఉన్నవాడికి గ్యాసు అని చెప్పి పంపాను. సొరుగు ఇవాళ మొత్తం తెరిచే ఉంచాను, అంత వరకు తేలిక. ఎవరూ విప్పలేదని ఆ గీత చెప్పింది, అందరూ నమ్మారు, అతను కూడా. విప్పాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం నేనే విప్పాను, నేనే మూశాను, ఆ రంగు నేనే పూశాను.

రత్నం అన్న కొత్త కార్బన్లే వేశాడు.